మెదడు స్కాన్లు అందరికీ అందాలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో ఈ శీర్షికలోనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన శాస్త్ర ఆచార్యుడు రస్సెల్ పోల్డ్రాక్ గురించి క్లుప్తంగా ప్రస్తావించాం. పరిశోధకులు తాము సేకరించిన మెదడు స్కాన్లను ప్రయోగశాల అల్మారాల్లో దాచుకోకుండా, ఎవరైనా తీసుకొని పరీక్షించుకునేలా బయట పెట్టాలని చాలా ఏళ్లుగా పట్టుబడుతూ, అందుకు కావలసిన ఏర్పాట్లను కూడా దగ్గరుండి చేయించిన శాస్త్రవేత్త ఆయన. ఆ నాలుగు మాటలకు వచ్చిన ఉత్తరాలు మేం అనుకున్నదానికంటే ఎక్కువ. ఒకే తరహా ప్రశ్నలను కలిపి ఈసారి చోటంతా వాటికే కేటాయిస్తున్నాం.

పోల్డ్రాక్ ఏడాదిన్నర పాటు తన మెదడునే స్కాన్ చేయించుకున్నారని రాశారు. ఒక్క మనిషిని అన్నిసార్లు చూస్తే శాస్త్రానికి ఒరిగేదేమిటి? ఆ వివరాలన్నీ బయట పెట్టవలసిన అవసరం ఏమొచ్చింది?
*(డిగ్రీ విద్యార్థిని, తెనాలి)*

మెదడు స్కాన్ల మీద జరిగే పరిశోధనల్లో సాధారణంగా పాతికమందినో యాభైమందినో పిలిచి, ఒక్కొక్కరిని గంటో గంటన్నరో స్కానర్‌లో పడుకోబెట్టి, చివరకు అందరి సగటు చూస్తారు. ఆ సగటు ఫలానా మనిషి మెదడుకు అచ్చంగా సరిపోతుందన్న హామీ ఏమీ లేదు. ఒకే మనిషి మెదడు ఈ వారానికీ వచ్చే వారానికీ, కంటి నిండా నిద్రపోయిన రోజుకూ పోని రోజుకూ ఎంత తేడాగా పనిచేస్తుందన్నది సగటులో కనబడదు. దాన్ని చూడాలంటే ఒకే మనిషిని నెలల తరబడి స్కాన్ చేయాలి. 2012లో, అప్పటికి ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న పోల్డ్రాక్, ఆ మనిషి తానే అయ్యారు. ఈ ప్రాజెక్టుకు మైకనెక్టోమ్ అని పేరు పెట్టారు. ఏడాదిన్నరలో వందకు పైగా స్కాన్లు జరిగాయి. మంగళవారం ఉదయం పరగడుపున, కాఫీ కూడా ముట్టకుండా వచ్చి స్కాన్ చేయించుకొని రక్తం ఇచ్చేవారు. గురువారం మాత్రం తిని, కాఫీ తాగి వచ్చేవారు. ఏం తిన్నారు, ఎలా నిద్రపోయారు, మనసు ఎలా ఉంది అన్నవన్నీ రాసి పెట్టుకున్నారు. రక్తంలోని జన్యువుల్లో ఏవి ఎంత చురుగ్గా ఉన్నాయో కూడా కొలిచారు.

2015లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వెలువడిన ఫలితాల్లో అందరినీ ఆకర్షించింది కాఫీ సంగతే. పరగడుపున, కాఫీ లేకుండా ఉన్న రోజుల్లో చూపుకు సంబంధించిన ప్రాంతాలకూ, స్పర్శ, కదలికలకు సంబంధించిన ప్రాంతాలకూ మధ్య అనుసంధానం తక్కిన రోజులకంటే గట్టిగా ఉంది. అయితే దానికి కారణం తిండి లేకపోవడమా, కాఫీ లేకపోవడమా అన్నది ఈ ప్రయోగం తేల్చలేదు, ఎందుకంటే ఆయన ఆ రెండింటినీ ఒకే రోజున మానేవారు. కాబట్టి పొద్దున్నే ఫిల్టర్ కాఫీ మానేస్తే మెదడు పదునెక్కుతుందని ఎవరైనా ఈ పత్రాన్ని చూపించి చెబితే నమ్మనక్కరలేదు.

మీ రెండో ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే ఉంది. ఒక్క మనిషి మీద వచ్చిన ఫలితం ఆ మనిషికే పరిమితమా, అందరికీ వర్తించేదా అన్నది తేలాలంటే వేరేవాళ్లు దాన్ని తమ దగ్గరున్న వాటితో పోల్చి చూడాలి, పోల్చాలంటే మూల కొలతలు వాళ్ల చేతికి అందాలి. పోల్డ్రాక్ తనకున్న సోరియాసిస్ అనే చర్మవ్యాధి తీవ్రత వివరాలతో సహా అన్నింటినీ బహిరంగంగా ఉంచారు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ బృందం వాటిని విశ్లేషించి, ఆయన మెదడులోని ప్రాంతాల సరిహద్దులు గుంపు సగటులో కనిపించే సరిహద్దులతో అన్నిచోట్లా కలవడం లేదని చూపింది. తరువాత అదే విశ్వవిద్యాలయంలోని కొందరు, అర్ధరాత్రి దాటాక స్కానర్ అద్దె తగ్గుతుందన్న చిన్న వెసులుబాటును ఆసరా చేసుకొని, పదిమందిని పదేపదే స్కాన్ చేసి, ఆ డేటాను కూడా అందరికీ ఇచ్చేశారు. తమకు తాము మిడ్‌నైట్ స్కాన్ క్లబ్ అని పేరు కూడా పెట్టుకున్నారు.

పరిశోధన పత్రంలో ఫలితం, పద్ధతి రెండూ రాస్తారు. సాటి నిపుణులు చదివి సరేనన్నాకే అది అచ్చవుతుంది. ఇక మూల డేటా కూడా ఇమ్మనడం శాస్త్రవేత్తలను అనుమానించడం కాదా?
*(విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం)*

మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఇక్కడ అనుమానం మనిషి మీద కాదు, లెక్క మీద.

ముందుగా ఎఫ్‌ఎంఆర్‌ఐ, అంటే మెదడు పనితీరును చూపే స్కాన్, డేటా ఎలా ఉంటుందో చూద్దాం. మెదడులో ఒకచోట నాడీకణాలు చురుగ్గా పనిచేస్తే అక్కడికి ప్రాణవాయువు నిండిన రక్తం ఎక్కువగా చేరుతుంది. ప్రాణవాయువు ఉన్న హిమోగ్లోబిన్‌కూ లేనిదానికీ అయస్కాంత స్వభావంలో తేడా ఉంది. సెయిజీ ఒగావా 1990లో ఈ తేడాను ఆధారంగా చేసుకొని మెదడు పనితీరును చూడవచ్చని చూపారు. స్కానర్ మెదడును రెండు మూడు మిల్లీమీటర్ల చిన్న చిన్న ఘనాలుగా విడగొట్టి, సుమారు రెండు సెకన్లకొకసారి ఒక్కొక్క ఘనంలో సంకేతం ఎంతుందో నమోదు చేస్తుంది. అంటే వేలాది ఘనాలు, ఒక్కొక్కదానికి వందల కొలతలు. మనిషి తల కాస్త కదిలితే సరిచేయాలి, ఒకరి మెదడును మరొకరి దానితో పోల్చేందుకు ఒకే ఆకారానికి సాగదీయాలి, ఆపైన గణాంక పరీక్షలు చేయాలి. ప్రతి మెట్టు దగ్గరా పరిశోధకుడు ఎంచుకోవలసిన దారులు అనేకం, వాటిలో చాలావరకు సమర్థించదగినవే. పత్రంలో అచ్చయ్యే రంగురంగుల మెదడు బొమ్మ ఇన్ని నిర్ణయాలు దాటుకొని వచ్చిన చిట్టచివరి రూపం. పత్రాన్ని పరిశీలించే నిపుణుడి చేతికి సాధారణంగా అందేది ఆ చివరి రూపమే.

ఈ నిర్ణయాల వల్ల ఎంత తేడా వస్తుందో కొలవడానికి పోల్డ్రాక్, టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు కలిసి ఒక ప్రయోగం చేశారు. డబ్బు గెలుపోటముల మీద నిర్ణయాలు తీసుకుంటున్న 108 మంది మెదడు స్కాన్లను 70 బృందాలకు ఇచ్చి, తొమ్మిది ప్రతిపాదనలు నిజమో కాదో చెప్పమన్నారు. అందరి ముందూ ఉన్నది ఒకే డేటా, ఒకే ప్రశ్నలు. 2020లో నేచర్ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం ఏ రెండు బృందాలూ అచ్చంగా ఒకే పద్ధతిని వాడలేదు. ఒక ప్రతిపాదన విషయంలో ఎక్కువమంది అవునన్నారు, మూడింటి విషయంలో దాదాపు అందరూ కాదన్నారు, మిగిలిన ఐదింటిలో మాత్రం బృందాలు చీలిపోయాయి. విచిత్రమేమిటంటే, చివరి తీర్పులు వేరైనా మధ్య దశలో వచ్చిన మెదడు పటాలు చాలా బృందాల మధ్య ఒకదానినొకటి పోలి ఉన్నాయి. అవునా కాదా అన్న ఒక్క మాట మాత్రమే అచ్చయితే ఈ పోలిక ఎవరికీ తెలియదు.

దీనికి నాలుగేళ్ల ముందు జరిగింది మరీ ముఖ్యం. స్వీడన్‌లోని లిన్‌షాపింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన అండర్స్ ఎక్లండ్, హాన్స్ నుట్సన్, బ్రిటన్‌లో పనిచేస్తున్న థామస్ నికల్స్ కలిసి, ఏ పనీ చేయకుండా ఊరికే పడుకొని ఉన్న 499 మంది ఆరోగ్యవంతుల స్కాన్లు తీసుకొని, వారిలోంచి యాదృచ్ఛికంగా రెండు గుంపులను మళ్లీ మళ్లీ ఎంచి పోల్చారు. రెండు గుంపుల మధ్య అసలు తేడా ఏమీ లేదు కనుక, సాఫ్ట్‌వేర్ సరిగా పనిచేస్తే వందకు ఐదుసార్లకు మించి తేడా ఉందని చెప్పకూడదు. ప్రపంచమంతా వాడుతున్న మూడు సాఫ్ట్‌వేర్లలోనూ ఒక తరహా పరీక్ష, కొన్ని అమరికల్లో, వందకు 70 సార్ల వరకు లేని తేడాను ఉన్నట్టు చూపించింది. ఆ 499 మంది డేటాను వీరు సేకరించలేదు. మైఖేల్ మిల్హమ్ తదితరులు 2009లో విడుదల చేసిన వెయ్యిమంది ఫంక్షనల్ కనెక్టోమ్స్ ప్రాజెక్టు నుంచి ఉచితంగా తీసుకున్నారు. ఎవరో వేరే ఉద్దేశంతో సేకరించి బయట పెట్టిన స్కాన్లు మొత్తం రంగంలోని ఒక లోపాన్ని పట్టించాయి.

ఆ పత్రంలో 40,000 అధ్యయనాలు ప్రశ్నార్థకమన్నట్టుగా ఒక వాక్యం వచ్చి, పత్రికలు దాన్నే పతాక శీర్షిక చేశాయి. ఆ మాట అతిగా ఉందని రచయితలే తరువాత సవరించారు. కానీ డేటాను భద్రపరచడం, పంచుకోవడం విషయంలో ఉన్న దుస్థితి వల్ల పాత విశ్లేషణలను తిరిగి చేసి చూసే అవకాశం తక్కువేనని వారు విచారంగా రాసిన మాట మాత్రం మారలేదు. తప్పు ఎక్కడుందో తెలిసినా, దిద్దుకోవడానికి కావలసినది చేతిలో లేదు! మాస్టారూ, సమాధాన పత్రాల పునఃపరిశీలన కోరిన విద్యార్థి మిమ్మల్ని అనుమానించినట్టు మీరెప్పుడూ అనుకొని ఉండరు.

‘ఫలానా ఫోను చూడగానే మెదడులో ప్రేమకు సంబంధించిన భాగం వెలిగింది’ వంటి వార్తలు తరచూ వస్తుంటాయి. నమ్మవచ్చా?
*(బ్యాంకు ఉద్యోగి, విజయవాడ)*

నమ్మనక్కరలేదు. 2011లో న్యూయార్క్ టైమ్స్‌లో ఐఫోన్ గురించి సరిగ్గా ఇలాంటి వ్యాసమే వస్తే, పోల్డ్రాక్ చొరవతో నలభైమందికి పైగా నాడీశాస్త్రవేత్తలు సంతకాలు చేసి పత్రికకు అభ్యంతరం తెలిపారు. వ్యాసకర్త ప్రేమకు గుర్తుగా చూపిన ఇన్సులా అనే ప్రాంతం, మెదడు చిత్రణ అధ్యయనాల్లో దాదాపు మూడోవంతు వాటిలో చురుగ్గా కనబడుతుందని గుర్తు చేశారు. నొప్పి కలిగినా, అసహ్యం వేసినా అది స్పందిస్తుంది. ప్రేమలో ఉన్నప్పుడు ఒక ప్రాంతం చురుగ్గా ఉంటుందని తెలిసినంత మాత్రాన, ఆ ప్రాంతం చురుగ్గా ఉంటే ప్రేమేనని తిప్పి చెప్పడం చెల్లదని ఆయన 2006లోనే ఒక పత్రంలో వివరించారు.

ఎంతవరకు చెల్లదో లెక్కగట్టాలంటే ఆ ప్రాంతం ఇంకా ఏయే పనుల్లో, ఎంత తరచుగా చురుగ్గా ఉంటుందో తెలియాలి, అందుకు వేలాది అధ్యయనాలను ఒకచోట చేర్చాలి. టాల్ యార్కోనీ, పోల్డ్రాక్, మరికొందరు కలిసి 2011లో తెచ్చిన న్యూరోసింత్ అనే సాధనం ఆ పని చేసింది. అయితే మూల డేటా దొరకనందున అది పత్రాల్లో అచ్చయిన స్థానాల పట్టికలను ఏరుకొని సరిపెట్టుకోవలసి వచ్చింది.

మూడేళ్లు కష్టపడి సేకరించిన డేటాను బయట పెడితే, పెద్ద ప్రయోగశాలవాళ్లు నాకంటే ముందే పత్రం రాసేసుకోరా? మా మార్గదర్శకులు కూడా ఇదే అంటున్నారు.
*(పరిశోధక విద్యార్థి, బెంగళూరు)*

మీ భయం పాతదే, నిరాధారమైనదీ కాదు. 2000 ప్రాంతంలో నాడీశాస్త్రవేత్త మైఖేల్ గజానిగా అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో ఎఫ్‌ఎంఆర్‌ఐ డేటా కేంద్రాన్ని నెలకొల్పి, తాను సంపాదకుడిగా ఉన్న పత్రికలో అచ్చు కావాలంటే మూల డేటా అప్పగించాల్సిందేనని షరతు పెట్టినప్పుడు పరిశోధకుల నుంచి గట్టి నిరసన వచ్చింది. వారి అభ్యంతరాల్లో మీరన్నది కూడా ఒకటి. ఆ కేంద్రం ఎంతోకాలం నిలవలేదు. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ సంపాదకీయం ఇతరుల డేటా మీద బతికే పరిశోధకులను కొందరు ‘పరాన్నజీవులు’ అంటున్నారని రాసింది. దానికి నొచ్చుకోవలసిన వాళ్లు, ఇతరుల డేటాను గొప్పగా వాడుకున్న వారికి ఆ పేరుతోనే ఏటా ఒక బహుమతి ఇవ్వడం మొదలుపెట్టారు.

మీ మార్గదర్శకులకు ఎదురు చెప్పనక్కరలేదు, సమయం విషయం మాత్రం అడగండి. పంచుకోవడమంటే సేకరించిన రోజు సాయంత్రమే బయట పెట్టడం కాదు. మీ మొదటి పత్రం అచ్చయ్యేదాకా ఆగి, దానితోపాటే విడుదల చేయడం మర్యాదగా సాగుతున్న పద్ధతి. పోల్డ్రాక్ నడిపించే ఓపెన్‌న్యూరో అనే బహిరంగ డేటా భాండాగారంలో కూడా డేటాను ముందే చేర్చి కొంతకాలం మరుగున ఉంచే వీలుంది. డేటా వివరాలనే ఒక పత్రంగా ప్రచురించే పత్రికలూ ఉన్నాయి, దానికి వచ్చే ఉల్లేఖనాలు మీ పేరుమీదే ఉంటాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిధులతో పనిచేసేవారు 2023 జనవరి 25 నుంచి, డేటాను ఎలా నిర్వహిస్తారో, ఎలా పంచుకుంటారో దరఖాస్తులోనే రాసి ఇవ్వాలి. రేపు మీరు పోస్ట్‌డాక్‌కు వెళితే ఎలాగూ ఎదురయ్యేదే. ఇక, సొంత స్కానర్ లేని కళాశాలలో ఉన్న పరిశోధకుడికి దీనివల్ల ఏం దొరుకుతుందో కూడా ఒకసారి ఆలోచించండి. మా ఉద్దేశంలో ఈ వాదనలో అన్నిటికంటే బరువున్నది అదే.

ఇలాంటి డేటా ఎక్కడ దొరుకుతుంది? మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుందా?
*(ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్)*

ఓపెన్‌న్యూరోలో వెయ్యికి పైగా డేటాసెట్లు ఉన్నాయి. పోల్డ్రాక్ బృందం 2010 ప్రాంతంలో మొదలుపెట్టిన ఓపెన్‌ఎఫ్‌ఎంఆర్‌ఐకి ఇది విస్తృత రూపం. వీటిని దించుకోవడానికి ఖాతా కూడా అక్కరలేదు.

దించుకున్నాక మొదట ఫోల్డర్ల అమరికను చూడండి. డేటాసెట్ తెరవగానే సబ్-01, సబ్-02 అంటూ మనిషికొక ఫోల్డర్ ఉంటుంది. దాని లోపల మెదడు నిర్మాణం స్కాన్లకు అనాట్, పనితీరు స్కాన్లకు ఫంక్ అనే ఫోల్డర్లు ఉంటాయి. ఫైలు పేరులోనే అది ఎవరిది, ఏ పని చేస్తుండగా తీసినది అన్నది తెలుస్తుంది. పక్కనే ఉండే చిన్న జేసన్ ఫైల్లో ఎన్ని సెకన్లకొక కొలత తీశారో రాసి ఉంటుంది. ఏ క్షణాన తెర మీద ఏం చూపించారో ఇంకొక పట్టికలో ఉంటుంది. ఇది 2016లో ప్రచురితమైన బిడ్స్ అనే ప్రమాణం. దీనికి ముందు ఒక్కొక్క ప్రయోగశాల తన ఇష్టం వచ్చిన పేర్లు పెట్టుకునేది. తాతగారు పొలం దస్తావేజులన్నీ ఒకే మూటగట్టి అటక మీద పడేసి వెళితే మనుమలు పడే అవస్థే ఆ డేటా అందుకున్నవారిది: అన్నీ ఉంటాయి, ఏది ఏమిటో చెప్పేవారు ఉండరు. పోల్డ్రాక్ పేరు చెప్పగానే అందరూ మైకనెక్టోమ్‌ను తలుచుకుంటారు కానీ, నలుగురిని కూర్చోబెట్టి ఫైలు పేర్ల మీద ఏకాభిప్రాయం తెచ్చిన ఈ ఆకర్షణ లేని పనికే మేమైతే ఎక్కువ మార్కులు వేస్తాం.

ల్యాప్‌టాప్ సంగతికి వస్తే, పదిమందో పదిహేనుమందో ఉన్న చిన్న డేటాసెట్‌తో, పైథాన్‌లో ఉచితంగా దొరికే నైలెర్న్ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టండి. స్కాన్లను శుభ్రం చేసే ఎఫ్‌ఎంఆర్‌ఐప్రెప్ ఒక్కొక్క మనిషికే గంటల సమయం తీసుకుంటుంది కాబట్టి దానికి కళాశాల సర్వర్ అడగడం మేలు. అల్జీమర్స్ మీద ఆసక్తి ఉంటే 2004లో మొదలైన ఏడీఎన్ఐ అనే అల్జీమర్స్ అధ్యయనం డేటా చూడండి. దానికి మాత్రం ఎందుకు కావాలో రాసి దరఖాస్తు చేసుకోవాలి.

మన దేశంలో ఇలాంటి ప్రయత్నాలు ఉన్నాయా?
*(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్)*

ఉన్నాయి. మద్రాసు ఐఐటీలోని సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ 2024 డిసెంబరులో ‘ధరణి’ పేరుతో గర్భస్థ శిశువుల మెదళ్లకు సంబంధించిన 5,132 కోతల చిత్రాలను, కణాల స్థాయి స్పష్టతతో, ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చూసుకునేలా విడుదల చేసింది. అంతకుముందు 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు వందమంది స్కాన్లతో భారతీయ మెదడు నమూనా పటాన్ని తయారుచేశారు. ప్రపంచమంతా కొలబద్దగా వాడుతున్న మాంట్రియల్ నమూనాతో పోలిస్తే ఇందులో మెదడు సగటు పరిమాణం కొంత చిన్నది. తెలివితేటలకూ దీనికీ ముడిపెట్టకండి. వయసుతో మెదడు ఎంత కుంచించుకుపోయిందో డాక్టర్లు అంచనా వేసేటప్పుడు పోలికకు మన కొలతలే ఉండాలన్నది ఇక్కడి విషయం. బహిరంగ డేటాలో అత్యధికం అమెరికా, ఐరోపాలదే ఉన్నంతకాలం ఈ ఇబ్బంది తప్పదు.

మతిమరుపు మీద జరుగుతున్న ఒక అధ్యయనంలో మా నాన్నగారిని చేర్చుకుంటామన్నారు. స్కాన్లను పేరు తీసేసి ఇతర పరిశోధకులతో పంచుకుంటామని అంగీకార పత్రంలో ఉంది. సంతకం చేయవచ్చా?
*(గృహిణి, హైదరాబాద్)*

పేరు తీసేయడం ఒక్కటే చాలదు, ముందు ఆ సంగతి తెలుసుకోండి. తల ఎంఆర్‌ఐలో మెదడుతోపాటు ముక్కు, కళ్లు, గడ్డం ఆకారం కూడా నమోదవుతుంది. దాని నుంచి కంప్యూటర్లో ముఖాన్ని తిరిగి రూపొందించవచ్చు. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2019లో 84 మంది వాలంటీర్ల స్కాన్ల నుంచి ఇలా ముఖాలను తయారుచేసి, మామూలుగా దొరికే ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్‌తో ఫొటోలకు జోడిస్తే 70 మంది సరిగా దొరికిపోయారు. అందుకే స్కాన్లను బయట పెట్టేముందు ముఖభాగాన్ని చెరిపేస్తారు. ఓపెన్‌న్యూరో వంటి చోట్ల ఇది నియమం. అలా చెరిపాక ప్రమాదం బాగా తగ్గుతుంది, పూర్తిగా పోయిందని మాత్రం అనలేం.

కాబట్టి అధ్యయనం చేస్తున్నవారిని మూడు విషయాలు అడగండి. ముఖభాగం తీసేస్తారా? డేటా ఎవరైనా దించుకునేలా ఉంటుందా, లేక దరఖాస్తు చేసుకున్న పరిశోధకులకే ఇస్తారా? తరువాత మనసు మారితే ఏం చేస్తారు? మూడోదానికి నిజాయితీ గల జవాబు ఏమిటంటే, అప్పటికే ఎవరైనా దించుకొని ఉంటే దాన్ని వెనక్కి తెప్పించడం ఎవరి తరమూ కాదు. ‘ఎప్పుడంటే అప్పుడు మొత్తం తీసేస్తాం’ అని తేలిగ్గా చెప్పేవారి కంటే, ఈ మాట ముఖాన చెప్పేవారినే మేమైతే ఎక్కువ నమ్ముతాం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఇటువంటి అధ్యయనానికి నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. ఆ సంఘం ఫోన్ నంబరు అంగీకార పత్రంలోనే ఉండాలి, లేకపోతే అడిగి తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పరిశోధన అవసరాలకు కొన్ని మినహాయింపులు ఇచ్చింది కనుక, మీకు నిజంగా అక్కరకు వచ్చేది చట్టం కంటే ఆ పత్రంలో రాసి ఉన్న షరతులే. సాధారణంగా డేటా పంచుకోవడానికి ఒప్పుకోకుండా అధ్యయనంలో మాత్రం పాల్గొనే వీలు కూడా ఇస్తారు, వేరే గడి ఉందేమో చూడండి.

మీ నాన్నగారికి ఇప్పుడు విషయం అర్థం చేసుకొని చెప్పగలిగే స్థితి ఉంటే, పత్రాన్ని ఆయనకే తెలుగులో చదివి వినిపించి, ఆయన మాట ప్రకారమే చేయండి.